పొగ అక్కర్లేదు, బండి కావాలి

బిలిమోరా-వఘై చిన్నబండికి మళ్ళీ ఆవిరి ఇంజను తగిలిస్తే దాని రాత మారిపోతుందన్న మాట సూరత్‌లో కాస్త తీరికా, ఓ కారూ ఉన్నవాళ్ళ మధ్య ఎదురులేకుండా చలామణీ అవుతోంది. వందేళ్ళు దాటిన లైను, నష్టాల లైను, దారి పొడవునా టేకు చెట్లు, చివర డాంగ్ కొండలు. ఇంకేం కావాలి, ఓ పాత పొగబండిని తెచ్చి పెట్టండి, డార్జిలింగ్ వెళ్ళేవాళ్ళు ఇటు తిరుగుతారు, లైనూ బతుకుతుంది, ఆదివాసీల చేతిలో నాలుగు డబ్బులూ ఆడతాయి అంటారు. ఎవరికీ కష్టం కలిగించని మాట కాబట్టి ఎవరూ గట్టిగా ప్రశ్నించరు. నాకు మాత్రం ఇందులో ప్రతి ముక్కా తప్పుగానే కనబడుతోంది. చరిత్ర తప్పు, లెక్క తప్పు, ఆవిరి ఇంజను మీద పెట్టుకున్న ఆశ తప్పు. ఆదివాసీ పేరు చెప్పి అడగడమైతే మరీ తప్పు.

ముందు ఆ లైను సంగతి. సూరత్ నుంచి ముంబై వైపు సుమారు యాభై కిలోమీటర్లు పోతే బిలిమోరా జంక్షన్ వస్తుంది. అక్కడ పెద్ద లైను పక్కనే రెండున్నర అడుగుల వెడల్పు పట్టాలు తూర్పుకి తిరుగుతాయి. గండేవి, చిఖ్లీ రోడ్, రాణ్‌కువా, అనావల్, ఉనాయి-వాంస్‌దా రోడ్, కాలా ఆంబ్, డూంగర్డా మీదుగా 63 కిలోమీటర్లు పోయి వఘైలో ఆగిపోతాయి. బరోడా గైక్వాడ్ సంస్థానం మొదటి ప్రపంచ యుద్ధానికి కొంచెం ముందు వేయించిన లైను ఇది. ఇంత దూరానికి బండి తీసుకునే సమయం సుమారు మూడు గంటలు. 2020లో ఆగిపోయేనాటికి ఈ చివర నుంచి ఆ చివరికి టికెట్ 15 రూపాయలు. సూరత్‌లో లింబాయత్‌లోనో ఉధనాలోనో మగ్గాల మధ్య బతుకుతున్న మన పద్మశాలి కుటుంబాలకు రైలంటే నవజీవన్ ఎక్స్‌ప్రెస్సే. వరంగల్ నుంచి మనిషినీ మూటనీ తెచ్చేదీ అదే, పండక్కి తిరిగి తీసుకుపోయేదీ అదే. ఊరికి ఇంత దగ్గర్లో ఇలాంటి బండి ఒకటుందని మనవాళ్ళలో చాలామందికి తెలియదు. తెలిసినవాళ్ళు కూడా ఆదివారం డాంగ్ కొండల మీది సాపుతారాకి పోవాలంటే జీపే మాట్లాడుకుంటారు. అందులో తప్పు పట్టడానికేం లేదు, సాపుతారాకి ఈ రైలు పోనేపోదు. వఘైలో దిగాక ఇంకో యాభై కిలోమీటర్ల కొండదారి ఉంది. ‘సాపుతారా పొగబండి’ అని ముద్దుగా పిలుచుకునేవాళ్ళు ఈ యాభై కిలోమీటర్లను మర్చిపోతుంటారు.

ఇక వాళ్ళు చెప్పే చరిత్ర. ఈ లైను విహారయాత్ర కోసం పుట్టలేదు. డాంగ్ అడవిలో నరికిన టేకును కిందికి దించడానికి పుట్టింది. 1842లో అక్కడి భిల్లు నాయకుల నుంచి బ్రిటిష్ వాళ్ళు అడవిని కౌలుకు రాయించుకున్నారు. బొంబాయిలో ఓడలు కట్టడానికి ఆ కలప కావాలి, తర్వాత రైలు పట్టాల కింద వేసే దూలాలకూ కావాలి. కౌలు చేతికొచ్చాక అడవి మీద హక్కులు ఒక్కొక్కటిగా అడవి శాఖ చేతిలోకి పోయాయి. సొంత చెట్టు కొట్టుకున్న మనిషి నేరస్తుడయ్యాడు. ఆ కౌలుకు బదులుగా మొదలైన భరణం ఇంకా నడుస్తూనే ఉంది. ఏటా హోలీ ముందు ఆహ్వాలో జరిగే డాంగ్ దర్బార్‌లో ఐదుగురు భిల్లు రాజుల వారసులను ఊరేగించి, ఆ పైకం చేతిలో పెడతారు. పట్టాల చరిత్ర చెప్పాలంటే ఇక్కడి నుంచి మొదలుపెట్టాలి. ఆవిరి ఇంజను కావాలనేవాళ్ళు ఇక్కడి నుంచి మొదలుపెట్టరు. వాళ్ళ కథలో మహారాజు ఉంటాడు, కూత ఉంటుంది, పాతకాలపు టికెట్ కౌంటర్ ఉంటుంది. చెట్టు కొట్టినవాడూ ఉండడు, చెట్టు పోగొట్టుకున్నవాడూ ఉండడు. అడవిని తరలించుకుపోయిన ఇంజనుకు రంగులేసి, ఆ అడవి మనుషుల చేత దండలు వేయించి, ముందు నిలబడి ఫోటోలు దిగడాన్ని వారసత్వ రక్షణ అంటే నేను ఒప్పుకోలేను.

పాతదనమే గొప్పయితే ఇంకా పాతదాన్ని అడగరేం? మన దేశంలో తొలి నారోగేజ్ లైను ఇదే బరోడా సంస్థానంలో, డభోయీ-మియాగామ్ మధ్య 1862లో పడింది. ఖండేరావ్ గైక్వాడ్ వేయించాడు. దాన్ని లాగింది ఎద్దులు! పట్టాలు ఎంత తేలికవంటే ఇంజను బరువును ఆపలేకపోయాయి. గట్టి పట్టాలు వేసి రోజూ ఇంజన్లు నడిపేసరికి 1873 వచ్చింది. ఈ ప్రాంతపు చిన్న లైన్లకు అసలైన ఆరంభం కావాలంటే ఎద్దులు కట్టాలి. అది ఎవరూ అడగరు, ఎద్దుకు కూత లేదు కనుక. ఆవిరి చరిత్రే కావాలంటే సూరత్ నగరంలోనే ఉంది. తాపీ నదికి అవతలి ఒడ్డున ఉత్రాణ్ నుంచి అంకలేశ్వర్ దాకా 1860లో బొంబాయి-బరోడా రైల్వే కంపెనీ తన తొలి ముక్క తెరిచింది. ఆ దారిలో ఒక పొగబండి తిప్పమని ఎవరైనా అడిగారా? అడగరు, ఆ దారిలో సరుకు పోవాలి, వస్త్ర వ్యాపారం ఆగకూడదు. అవసరమున్నవాళ్ళ దారిలో ఆధునికత, అవసరాలు లెక్కలోకి రానివాళ్ళ దారిలో పురాతనత్వం.

లింబాయత్‌లో మరమగ్గాల షెడ్డు నడిపేవాడి దగ్గరికి వెళ్ళి, అయ్యా, మీ కరెంటు మోటారు పీకేసి ఆవిరి యంత్రం పెట్టండి, జనం చూడ్డానికి వస్తారు, టికెట్ డబ్బులతో మీ కూలీలకు జీతాలివ్వండి అని చెప్పి చూడండి. ఆ మనిషి నవ్వి ఊరుకుంటే మీ అదృష్టం. వఘై దారి విషయంలో మాత్రం అదే మాట పెద్దమనుషుల ఆలోచనగా చెల్లుతోంది.

నష్టాల సంగతికి వద్దాం, వాదనంతా దాని మీదే నిలబడింది. లైను నష్టాల్లో ఉంది కాబట్టి పర్యాటకం ఒక్కటే దిక్కు అంటారు. రోజుకు ఒకటీ రెండు ట్రిప్పులు వేసి, గంటకు ఇరవై కిలోమీటర్లు నడిపి, పెద్ద లైను బళ్ళతో వేళలు కలపకుండా వదిలేస్తే ఏ బండి లాభం తెస్తుంది? 2018లో రైల్వే శాఖ ఈ లైనును, డభోయీ-మియాగామ్, మియాగామ్-మాల్సర్, చరోండా-మోటీ కొరల్, ప్రతాప్‌నగర్-జంబూసర్ లైన్లతో కలిపి, మొత్తం 204 కిలోమీటర్లను పారిశ్రామిక వారసత్వంగా కాపాడతామని చెప్పింది. రెండేళ్ళు తిరిగేసరికి 2020 డిసెంబరులో అదే శాఖ, గుజరాత్‌లో గిట్టుబాటు కాని పదకొండు శాఖా లైన్లను శాశ్వతంగా మూసేయమని పశ్చిమ రైల్వేకు రాసింది. ఆ పదకొండులో బిలిమోరా-వఘై కూడా ఉంది! స్థానికులు ఒప్పుకోలేదు. 2021 సెప్టెంబరులో, ఒక అద్దాల పెట్టె తగిలించి బండిని మళ్ళీ కదిపారు. అప్పటి రైల్వే సహాయ మంత్రి సూరత్ ఎంపీయే కావడం ఎంత పనిచేసిందో ఎవరి ఊహ వాళ్ళది. మూడేళ్ళలో మూడు మాటలన్న మాట. వారసత్వం అన్న హోదా ఈ లైనును మూసివేత నుంచి కాపాడలేదని దీన్నిబట్టే తెలుస్తోంది. బండి మళ్ళీ నడిచిందంటే జనం అడిగారు కాబట్టి.

గిట్టుబాటు అన్న కొలత కూడా అందరికీ ఒకటిగా లేదు. 2022-23లో ప్రయాణికుల టికెట్ల మీద 56,993 కోట్ల రూపాయల సబ్సిడీ భరించామని, సగటున ప్రతి ప్రయాణికుడికీ 46 శాతం తగ్గింపు దొరుకుతోందని రైల్వే మంత్రే పార్లమెంటుకు చెప్పారు. అంటే దేశమంతా తక్కువ ధరకే ప్రయాణిస్తోంది. ముంబై లోకల్‌లో వేలాడే గుమాస్తా, సూరత్ నుంచి వాపీకి పోయే ఫిట్టరు, నవజీవన్‌లో పోయే నేనూ, అందరం ఆ తగ్గింపు తింటున్నవాళ్ళమే. వఘై దారిలో కూర్చున్న కూలి మనిషి దగ్గరికి వచ్చేసరికి ఆ తగ్గింపు పేరు నష్టం. ఇంకోపక్క ఇదే బిలిమోరా దగ్గర కేసలీ గ్రామంలో బుల్లెట్ రైలు స్టేషను లేస్తోంది. మామిడి తోట పోలికలో కడుతున్నారట, బాగుంది. ముంబై-అహ్మదాబాద్ మధ్య 508 కిలోమీటర్ల ఆ లైనుకు మొదటి అంచనాయే 1.08 లక్షల కోట్లు. ఆ లైను ఎప్పటికి పెట్టుబడి రాబడుతుందో చెప్పి కట్టండి అని ఏ పర్యాటక సంఘమూ అడగలేదు. అడగాలని నేనూ అనను. రవాణాకు ప్రభుత్వం డబ్బు పెట్టడం మామూలే. మరి 15 రూపాయల టికెట్‌వాడికి మాత్రం వినోదం అమ్మి నీ ఖర్చు నువ్వే సంపాదించుకో అని చెప్పడం ఏ న్యాయం?

ఈ లైనుకు రావలసిన డబ్బు రానే వస్తోంది, అయితే ఏ రూపంలో అన్నదే ప్రశ్న. వారసత్వ మార్గాలకు హైడ్రోజన్ రైళ్ళు అని 2023లో ఒక పథకం ప్రకటించారు. 35 రైళ్ళు, రైలుకు సుమారు 80 కోట్లు, ఒక్కో మార్గంలో కింది ఏర్పాట్లకు మరో 70 కోట్లు. డార్జిలింగ్, నీలగిరి, కాల్కా-సిమ్లా, మాథేరాన్, కాంగ్డా పక్కన బిలిమోరా-వఘై పేరు కూడా ఆ జాబితాలో పడింది. ఒక్క రైలు వేసుకున్నా 150 కోట్లు. 15 రూపాయల చొప్పున పది కోట్ల టికెట్ల విలువ అది. హైడ్రోజన్ మీద నాకు పగేమీ లేదు. పెద్ద లైనులో దాన్ని పరీక్షించి చూడాల్సిందే. కానీ మూడు గంటల ప్రయాణం రెండు గంటలకు తగ్గాలంటే కావలసింది పట్టాల కింద కంకర, మంచి దూలాలు, గేట్ల దగ్గర మనుషులు. ఈ పనులకు రిబ్బను కత్తిరించే వేడుక ఉండదు.

ఆవిరి కోరేవాళ్ళు ఇంజను గురించి మాట్లాడుతుంటే, వాళ్ళెవరూ దాన్ని షెడ్డులో చూసినట్టు అనిపించదు. చల్లారిన బాయిలర్‌లో నిప్పు రాజేసి ఆవిరి పట్టించడానికే కొన్ని గంటలు పడుతుంది. పొద్దున్న బండి కదలాలంటే రాత్రి మధ్యలో ఒక మనిషి లేవాలి. బూడిద దించాలి, గొట్టాల్లో మసి దులపాలి. నీళ్ళలో సున్నం ఉంటే బాయిలర్ లోపల పొర కడుతుంది, దాన్ని రోజులు లెక్కపెట్టి కడిగించాలి. దారిలో నీళ్ళ తొట్లు కావాలి. బొగ్గు ఏది పడితే అది పనికిరాదు, బూడిద ఎక్కువైతే మంట నిలవదు. ఇంత చేస్తే బొగ్గులో ఉన్న వేడిలో పదో వంతు కూడా చక్రాల దాకా చేరదు. ఫైర్‌మన్ చేసే పని పుస్తకం చదివితే వచ్చేది కాదు. పార ఎక్కడ విసరాలో, ఎత్తు రాకముందే మంట ఎంత పెంచాలో పెద్ద ఫైర్‌మన్ పక్కన ఏళ్ళు నిలబడి నేర్చుకోవాలి. మన రైల్వే 1972 తర్వాత కొత్త ఆవిరి ఇంజన్లు కట్టడం మానేసింది. 1995 డిసెంబరులో బ్రాడ్‌గేజ్ మీద ఆవిరి బళ్ళు ఆగిపోయాయి. మీటర్‌గేజ్ మీద ఆఖరిదాకా ఆవిరి తిరిగిన దారుల్లో గుజరాత్‌లోని వాంకానేర్-మోర్బీ ఒకటి. అక్కడ పార పట్టినవాళ్ళు ఎప్పుడో పదవీ విరమణ చేశారు. నీలగిరి లైను కోసం తిరుచ్చి గోల్డెన్ రాక్ వర్క్‌షాపులో ఇంజన్లు కొత్తగా కట్టగలుగుతున్నారంటే, అక్కడ ఆ పని ఎన్నడూ తెగిపోలేదు కనుకనే. ఆ కొండ ఎక్కడానికి పళ్ళ పట్టాల ఇంజను తప్పనిసరి, అవసరం పనితనాన్ని బతికించింది. బిలిమోరాలో ఆ అవసరం లేదు, డీజిల్ ఇంజను సుఖంగా లాగుతోంది. అవసరం లేనిచోట పనితనాన్ని టెండరుతో తెప్పిస్తే ఏమవుతుందో మనకు తెలుసు: మొదటి ఏడాది కూత, రెండో ఏడాది మరమ్మతు, మూడో ఏడాది స్టేషను బయట దిమ్మె మీద రంగేసిన బొమ్మ.

నిప్పురవ్వల మాట ఎవరూ ఎత్తకపోవడం నాకు ఆశ్చర్యం. టేకు ఎండాకాలానికి ఆకు రాలుస్తుంది. ఫిబ్రవరి దాటితే డాంగ్ నేలంతా ఎండుటాకు. పొగగొట్టం నుంచి రవ్వలు కక్కే బొగ్గు ఇంజనును ఆ అడవిలోకి పంపాలంటే రవ్వల వల వేయాలి, వెనకాల మంటలార్పే మనుషుల్ని పెట్టాలి. లేదంటే అక్కడ ఆకులూ మూలికలూ ఏరుకుని, ఇప్ప పువ్వు ఏరుకుని బతికేవాళ్ళ అడవితో ఆడుకోవడమే. వానాకాలంలో నడుపుకుందాం అంటే, వఘై దగ్గర గీరా జలపాతం చూడ్డానికి అదే అదను, నిజమే. కానీ నాలుగు నెలల ముచ్చటకు ఏడాది పొడవునా బాయిలర్ సిబ్బందిని ఎవరు పోషిస్తారు?

ఇదంతా కష్టమని తెలిసినవాళ్ళు ఒక సులువు కనిపెట్టారు. 2023 అక్టోబరు 31న ఏక్తానగర్‌లో ఒక వారసత్వ రైలుకు జెండా ఊపారు. చూపుకు ఆవిరి ఇంజనే, కడుపులో ఉన్నది విద్యుత్ ఇంజను. పెట్టెల్లో టేకు అలంకరణ, భోజనాల పెట్టె, మెత్తటి కుర్చీలు. అహ్మదాబాద్ నుంచి పటేల్ విగ్రహం చూడ్డానికి వెళ్ళే దారికి అది సరదాగానే ఉంటుంది. ఇది నిజం పొగబండి కాదని తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. నిజానికి అది నిజాయితీగా ఒక సంగతి ఒప్పుకుంది: జనానికి కావలసింది ఆవిరి కాదు, ఆవిరి వేషం. అలాంటప్పుడు ఆ వేషం కోసం వఘై వాళ్ళ బండి ఎందుకు? ఎక్కడైనా వేసుకోవచ్చు.

బ్రిటన్‌ను చూపించేవాళ్ళు తప్పక ఉంటారు. వేల్స్‌లో టాలిలిన్ రైల్వే 1951 నుంచి స్వచ్ఛంద సేవకుల చేతుల్లో నడుస్తోంది, ప్రపంచంలో అలా బతికిన మొదటి లైను అదే. గొప్ప పనే. కానీ ఆ లైను పుట్టింది పలక రాయి మోయడానికి. 1946లో గని మూతపడింది, 1950లో యజమాని పోయాడు. అంటే లైనుకు పని అయిపోయాక, అభిమానులు చేతులు మసి చేసుకుని, జీతం లేకుండా దాన్ని నిలబెట్టారు. వాళ్ళు ఎవరి సీటూ లాక్కోలేదు. మన దగ్గర పని ఇంకా అయిపోలేదు, చేతులు మసి చేసుకునేవాళ్ళూ కనబడరు. అక్కడ కూడా 2023లో ఫోస్-వై-ఫ్రాన్ గని మూసేశాక బొగ్గును దూరదేశాల నుంచి తెచ్చుకోవలసిన స్థితి వచ్చింది. మనం మొదలుపెట్టబోయేది వాళ్ళు కష్టంగా ఈదుతున్న చోటనే.

డార్జిలింగ్‌కు 1999లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఇప్పుడు అక్కడ ఆవిరి ఇంజను ప్రధానంగా లాగేది డార్జిలింగ్-ఘూమ్ మధ్య విహారపు ట్రిప్పులు, టికెట్ వెయ్యి రూపాయలకు పైమాటే. అక్కడి మనిషి పనికి పోయేది షేర్ జీపులో. బండి బతికింది, ఊరివాళ్ళకు మాత్రం అది తమ రోడ్డు పక్కనుంచి పోయే ఊరేగింపు. వఘైకి డార్జిలింగ్ కావాలనేవాళ్ళు ఈ సగం కూడా చెప్పాలి.

అంటే పర్యాటకులు వద్దా అని అడుగుతారు. రానివ్వండి, ఎవరు వద్దన్నారు! మన అరకు ఉంది. 2017లో విశాఖ-కిరండూల్ పాసింజరుకు అద్దాల పెట్టె తగిలించారు. ఇనుప ఖనిజం కోసం వేసిన ఆ లైనులో, అదే బండిలో, వెనక పెట్టెల్లో అరకు సంతకు పోయే గిరిజనులు, ముందు పెట్టెలో సెల్ఫీలు తీసుకునే హైదరాబాదీలు. పర్యాటకుడు ఎక్కువ టికెట్ కొని బండికి ఆసరా అయ్యాడు తప్ప బండిని తన పేర రాయించుకోలేదు. 2021లో వఘై బండికి తగిలించిన అద్దాల పెట్టె కూడా ఈ దారిలోదే. అంతవరకు నాకు అభ్యంతరం లేదు. అభ్యంతరమల్లా, బండి వేళలు కొండ చూడ్డానికి వచ్చేవాడి నిద్ర లేచే సమయాన్ని బట్టి మారినప్పుడు, మామూలు పెట్టెలు తగ్గినప్పుడు, పాసింజరు అన్న మాట తీసేసి విహారం అన్న మాట తగిలించినప్పుడు.

అసలు ఆ బండిలో ఎక్కేవాళ్ళకు ఏం కావాలో ఒకసారి చూడండి. డాంగ్ జిల్లాలో నూటికి తొంభైమందికి పైగా ఆదివాసీలు: కుణబీలు, భిల్లులు, వార్లీలు. దీపావళి దాటగానే వాళ్ళలో పెద్ద భాగం చెరుకు కొట్టడానికి సూరత్, నవ్‌సారీ, వల్సాడ్ జిల్లాల్లోకి దిగుతారు. గండేవి, బార్డోలీ చక్కెర కర్మాగారాల కోసం కొడవలి పట్టేది వాళ్ళే. ఆలుమగలూ, పిల్లలూ, మేకతో సహా ముకద్దం, అంటే కూలీల మేస్త్రీ, పంపిన లారీ ఎక్కి వస్తారు. ముందే తీసుకున్న అడ్వాన్సు తీరేదాకా పొలాల గట్ల మీద ప్లాస్టిక్ గుడిసెల్లో ఉంటారు. ఎండాకాలంలో తిరిగి వెళ్ళేదీ లారీలోనే. వాళ్ళ ఊరి నుంచి వాళ్ళ పని ఊరికి పట్టాలున్నాయి, బండి మాత్రం వాళ్ళ లెక్కలో లేదు. సీజనులో రెండు బళ్ళు ఎక్కువ వేసి, మూటలకు ఒక పెట్టె కలిపితే, ఇంట్లో ఒంటరిగా మిగిలిన ముసలామెను చూడటానికి సంవత్సరం మధ్యలో ఒకసారి వెళ్ళి రావచ్చు. గండేవి చుట్టుపక్కల సపోటా, మామిడి తోటలున్నాయి. కోత రోజుల్లో పైనుంచి కూలీలు కావాలి, కిందికి పళ్ళ బుట్టలు రావాలి. ఉనాయిలో వేడినీళ్ళ గుండాలకూ అమ్మవారి గుడికీ వచ్చే భక్తులు కూడా పర్యాటకులే. వాళ్ళకు ఇంజను ఏ రకమో పట్టదు, సాయంత్రం తిరుగు బండి ఉందా లేదా అన్నదే పడుతుంది. ఆవిరి తెస్తే ఆదివాసీకి మేలు అనేవాళ్ళు వాళ్ళను స్టేషను దగ్గర నాట్యం చేసేవాళ్ళుగా, వెదురు బుట్టలు అమ్మేవాళ్ళుగా ఊహిస్తారు. ప్రయాణికులుగా ఊహించరు.

చిన్న పట్టాల మీద మమకారంతో ఇదంతా రాస్తున్నానని అనుకోకండి. ఆ మమకారం కూడా ఒక్కోసారి దారి తప్పిస్తుంది. మన నౌపడ-గుణుపురం లైనులో మొదటి భాగాన్ని పర్లాకిమిడి రాజా 1900లో వేయించాడు, అదీ రెండున్నర అడుగుల లైనే. 2004లో దాన్ని ఆపి బ్రాడ్‌గేజ్‌గా మార్చారు. బొమ్మలాంటి రైలు పోయిందని బాధపడినవాళ్ళున్నారు. ఆ బాధ నాకూ అర్థమవుతుంది. కానీ ఇవాళ గుణుపురంలో ఎక్కినవాడు పాతపట్నం, టెక్కలి దాటి, బండి మారకుండా విశాఖలో దిగుతున్నాడు. అక్కడి కేజీహెచ్ ఆసుపత్రికి పోవలసిన రోగిని నౌపడలో దించి మరో బండి కోసం కూర్చోబెట్టే పని లేదు. వఘైకి కూడా పెద్ద పట్టాలే మేలని రేపు ఇంజనీర్లు లెక్క తేలిస్తే, చిన్నబండి అందం పోతుందని నేను అడ్డుపడను. అడవిలో ఎన్ని చెట్లు పోతాయో అడుగుతాను, అది వేరే సంగతి.

ఆవిరి ఇంజనంటే ఇష్టం లేనివాణ్ణనీ అనుకోకండి. మనిషి చేసిన యంత్రాల్లో లోపల ఏం జరుగుతోందో బయటికి కనబడేది అదొక్కటే. పిస్టను కదులుతుంటే కడ్డీ కదలడం, కడ్డీ కదిలితే చక్రం తిరగడం పిల్లవాడికి కూడా తెలిసిపోతుంది. ఆ విద్య చచ్చిపోకూడదు. హర్యానాలోని రేవాడీ షెడ్డులో ఇంజన్లను ఇంకా ఆవిరి మీద నిలబెడుతున్నారు. వడోదర ప్రతాప్‌నగర్‌లో చిన్న లైన్ల సామానుతో ఒక వారసత్వ ఉద్యానం ఉంది. గైక్వాడ్ లైన్లకు కేంద్రం అదే, వర్క్‌షాపు కూడా అక్కడే. అక్కడ ఒక కిలోమీటరు పట్టా మీద ఒక చిన్న ఇంజనును నిజమైన బొగ్గుతో, నేర్చుకునే కుర్రాళ్ళతో ఆదివారాలు నడిపితే నేను సూరత్ నుంచి టికెట్ కొనుక్కుని వెళ్తాను. ఎవరి బతుకు బండినీ ఆపక్కర్లేదు, ఏ అడవికీ నిప్పు భయం లేదు. పొగ కోరేవాళ్ళు దీన్ని ఎందుకు అడగరు? నా అనుమానం, వాళ్ళకు ఇంజను కన్నా కిటికీలోంచి కనబడే కొండ ముఖ్యం. అలాంటప్పుడు డీజిల్ బండి కిటికీలోంచి కూడా ఆ కొండ కనబడుతుంది.

ఆ అనుమానం వట్టిది కాదనడానికి సూరత్ జిల్లాలోనే సాక్ష్యం ఉంది. కోసంబా నుంచి మాంగ్రోల్, ఝంఖ్‌వావ్ మీదుగా ఉమర్‌పాడా దాకా ఇంకో చిన్న లైను ఉంది. దానిదీ అదే రెండున్నర అడుగుల గేజు, అదే గైక్వాడ్ కాలపు పుట్టుక, పొడవు కూడా అరవై కిలోమీటర్ల పైచిలుకే. దారిలో ఉన్నదీ ఆదివాసీ గ్రామాలే, కూలి కోసం కిందికి దిగేవాళ్ళే. అది ఆగిపోయింది. బ్రాడ్‌గేజ్‌గా మార్చే ప్రతిపాదన కాగితాల మీద నడుస్తుండగా, అక్కడి జనం బస్సులకూ, నిండిన ఆటోలకూ డబ్బు పెడుతున్నారు. వారసత్వం, ఆవిరి, పాత కూత అని మాట్లాడే సూరత్ పెద్దమనుషుల్లో ఒక్కరు కూడా ఈ లైనుకు పొగబండి కావాలని అడగలేదు. ఉమర్‌పాడా చివర సాపుతారా లేదు మరి. రైల్వే వాళ్ళకు వినతిపత్రం ఇవ్వాలనుకునేవాళ్ళు దయచేసి ఆ లైనుకు ఇవ్వండి. వఘై లైనుకు ఇవ్వాలనుకుంటే ఇంజను రకం రాయకండి. పొద్దున్న బిలిమోరాలో సూరత్ పాసింజరును అందుకునేలా వఘై నుంచి ఎన్నింటికి బయల్దేరాలో ఆ సమయం రాయండి.